బోనస్ అంటే బక్షీసు కాదు: అపోహలు - వాస్తవాలు

కార్మిక చట్టాల సలహాదారుగా నేను చూసే జీతాల పట్టికల్లో ఒకే చెల్లింపును ఒక సంస్థ బోనస్ అని, మరో సంస్థ ఎక్స్‌గ్రేషియా అని, ఇంకొకటి ఇన్సెంటివ్ అని రాస్తుంది. వాటిని పర్యాయపదాలుగా భావించే ఉద్యోగులు తమకు చట్టప్రకారం రావలసినదాన్ని అడగకుండానే వదులుకుంటున్నారు. అలాంటి అపోహలలో ముఖ్యమైనవి ఇక్కడ వివరిస్తున్నాను.

అపోహ: బోనస్ అనేది యజమాని సంతోషించి ఇచ్చే ఇనాము.

వాస్తవం: ఒకప్పుడు అది నిజమే. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల ధరలు పెరిగినప్పుడు 1917లో బొంబాయి నూలు మిల్లులు ‘యుద్ధ బోనస్’ ఇచ్చాయి. దాదాపు అదే కాలంలో ప్లేగుకు భయపడి కార్మికులు ఊరు విడిచి వెళ్లకుండా అహ్మదాబాద్ మిల్లులు ‘ప్లేగు బోనస్’ ఇచ్చాయి. వ్యాధి తగ్గగానే యజమానులు దాన్ని ఆపివేయడంతో మొదలైన వివాదమే 1918లో గాంధీజీ నాయకత్వం వహించిన అహ్మదాబాద్ మిల్లు కార్మికుల సమ్మెకు దారితీసింది. ఇష్టముంటే ఇచ్చి, లేకుంటే ఆపగలిగిన ఆ చెల్లింపు హక్కుగా మారడానికి దాదాపు అర్ధ శతాబ్దం పట్టింది. 1954లో మ్యూర్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు బోనస్ దయతో ఇచ్చే సొమ్ము కాదని, లాభాల సంపాదనలో కార్మికుల శ్రమకూ భాగముందన్న అంశం దానికి ఆధారమని స్పష్టం చేసింది. 1961లో నియమితమైన బోనస్ కమిషన్ 1964లో నివేదిక ఇచ్చింది. మరుసటి ఏడాది, అంటే 1965లో, బోనస్ చెల్లింపు చట్టం వచ్చింది. మొదట 4 శాతంగా ఉన్న కనీస బోనస్ 1970లలో 8.33 శాతమైంది. ఏడాది వేతనంలో పన్నెండో వంతు, అంటే ఒక నెల వేతనం అన్న లెక్క నుంచే ఆ అంకె వచ్చింది. పదమూడో నెల జీతం అని కార్మికులు అనుకునే మాటకు మూలం ఇదే. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన 2019 నాటి వేతనాల కోడ్ ఆ పాత చట్టం స్థానాన్ని తీసుకున్నప్పటికీ, 8.33 శాతం కనిష్ఠ పరిమితి, 20 శాతం గరిష్ఠ పరిమితి అలాగే కొనసాగుతున్నాయి.

అపోహ: బోనస్, ఇన్సెంటివ్, ఎక్స్‌గ్రేషియా, బక్షీసు అన్నీ ఒకటే.

వాస్తవం: నిత్య వ్యవహారంలో ఇవి ఒకదాని చోట ఒకటి వాడుకలో ఉన్నప్పటికీ, చెల్లింపుల విషయంలో వీటి మధ్య తేడా చాలా ఉంది. బక్షీసు, దసరా మామూలు అనేవి ఇచ్చేవారి మనసును బట్టి ఉంటాయి. వాటిని అడిగే హక్కు ఎవరికీ లేదు. ప్రోత్సాహకం, అంటే ఇన్సెంటివ్, ముందే నిర్ణయించిన లక్ష్యాన్ని చేరినందుకు ఇచ్చేది కాబట్టి దానికి ఆధారం నియామక పత్రంలోనో కంపెనీ విధానంలోనో ఉంటుంది. చట్టప్రకారం బాధ్యత లేకపోయినా స్వచ్ఛందంగా ఇచ్చేది ఎక్స్‌గ్రేషియా. వేతన పరిమితి దాటినందున బోనస్‌కు అర్హత లేని ఉద్యోగులకు కూడా ఏదో కొంత ఇవ్వాలనుకున్న సంస్థలు ఈ పేరుతో ఇస్తుంటాయి. ఇక పారితోషికం అనే మాట పరితోషం, అంటే సంతోషం అన్న పదం నుంచి పుట్టినప్పటికీ, నేడు నటీనటులు తీసుకునే ప్రతిఫలానికే ఎక్కువగా వాడుతున్నాం. క్రీడాకారులకు ప్రకటించే నగదు బహుమతిని పత్రికలు నజరానా అని రాస్తున్నాయి. తెలంగాణలో 2024 వానాకాలం పంట నుంచి సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయలు అదనంగా ఇస్తామన్న ప్రకటనలోనూ బోనస్ అనే మాటే ఉంది. అయితే అది మద్దతు ధరపై ప్రభుత్వం తన నిర్ణయంతో ఇచ్చేదే తప్ప కార్మిక చట్టం కిందికి వచ్చేది కాదు.

ఈ తేడాను అందరికన్నా స్పష్టంగా పాటించేవారు సింగరేణి కార్మికులేనని నా అభిప్రాయం. సంస్థ లాభాల్లో ప్రభుత్వం ప్రకటించే శాతాన్ని వారు లాభాల వాటా అంటారు. బొగ్గు పరిశ్రమలో జాతీయస్థాయి చర్చలలో ఖరారయ్యే మొత్తాన్ని దీపావళి బోనస్ అంటారు. 2024లో లాభాల వాటా 33 శాతం కాగా, దీపావళి బోనస్ 93,750 రూపాయలు. ఒకటి వచ్చింది కాబట్టి రెండోది అవసరం లేదని అక్కడ ఎవరూ అనుకోరు.

అపోహ: నెల జీతం 21,000 రూపాయలు దాటితే బోనస్ రాదు.

వాస్తవం: పాత బోనస్ చట్టానికి 2015లో చేసిన సవరణ నిర్ణయించిన ఆ పరిమితికి మూలవేతనం, కరవు భత్యం మాత్రమే లెక్కలోకి వచ్చేవి, ఇంటి అద్దె భత్యం, ఓవర్‌టైమ్ కలిపిన మొత్తం జీతం కాదు. 28,000 రూపాయలు తీసుకుంటున్న ఉద్యోగి మూలవేతనం, కరవు భత్యం కలిపి 16,000 అయితే ఆయన అర్హుడే. అయితే బోనస్‌ను పూర్తి 16,000 మీద కాకుండా, 7,000 రూపాయలు లేదా ఆ పనికి ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం, వీటిలో ఏది ఎక్కువైతే దాని మీద లెక్కించాలి. కేవలం 7,000 మీదే లెక్కగట్టి ఏడాదికి ఏడు వేల లోపు చేతిలో పెట్టిన పట్టికలు నేను ఎన్నో చూశాను. కనీస వేతనం 12,000 ఉన్నచోట రావలసింది దాదాపు పన్నెండు వేలు. కొత్త కోడ్ ప్రకారం ఈ పరిమితులను ప్రభుత్వమే నోటిఫికేషన్ ద్వారా ప్రకటించాలి. వేతన నిర్వచనం కూడా మారింది: వేతనం లెక్కలోకి రాని భత్యాలు మొత్తం ప్రతిఫలంలో సగాన్ని మించితే, మించిన భాగాన్ని వేతనంలో కలపాలి. కాబట్టి పాత లెక్కను యథాతథంగా నమ్మకుండా జీతం చీటీలో ప్రతి వరుసనూ చూసుకోవాలి.

అపోహ: కంపెనీకి నష్టం వస్తే బోనస్ ఉండదు.

వాస్తవం: కనీస బోనస్‌కు లాభనష్టాలతో సంబంధం లేదు. కొత్తగా స్థాపించిన సంస్థలకు మాత్రం మొదటి ఐదేళ్లలో లాభం వచ్చిన సంవత్సరానికే ఈ బాధ్యత ఉంటుంది.

అపోహ: రైల్వే ఉద్యోగులకు 78 రోజుల పూర్తి జీతం బోనస్‌గా వస్తుంది.

వాస్తవం: వారికి ఇచ్చేది ఉత్పాదకత ఆధారిత బోనస్. 78 రోజుల లెక్క నిజమే గానీ, దాన్ని నెలకు 7,000 రూపాయల పరిమితి మీద కడతారు కాబట్టి గరిష్ఠంగా చేతికి వచ్చేది 17,951 రూపాయలే.

అపోహ: ఏడాది పూర్తికాకుండా మానేసినవారికి, కాంట్రాక్టు కార్మికులకు బోనస్ వర్తించదు.

వాస్తవం: ఇరవై లేదా అంతకు మించి పనివారున్న సంస్థలో ఆ లెక్కల సంవత్సరంలో 30 రోజులు పనిచేసినవారికి, పనిచేసిన కాలానికి తగిన బోనస్ రావాలి. మోసం, దొంగతనం, హింసాత్మక ప్రవర్తన వంటి కారణాలతో తొలగించినవారికి మాత్రమే అది వర్తించదు. లైంగిక వేధింపుల నేరం రుజువైనవారిని కొత్త కోడ్ ఈ జాబితాలో చేర్చింది. కాంట్రాక్టు కార్మికులకు చెల్లించవలసింది కాంట్రాక్టరు. అతడు చెల్లించకపోతే వారు పనిచేసిన సంస్థ బాధ్యత వహించాలి. లెక్కల సంవత్సరం ముగిసిన ఎనిమిది నెలల్లోగా బోనస్ బ్యాంకు ఖాతాలో జమ కావాలి. మార్చి 31తో లెక్కలు ముగించే సంస్థలకు ఆ గడువు నవంబరు 30.