పేరు కలిస్తే సరిపోదు: ఖైదీ పూర్వీకుల వెతుకులాటలో అపోహలు - వాస్తవాలు

పోయిన నెల మెల్‌బోర్న్ నుంచి ఒక తెలుగావిడ ఫోన్ చేశారు. అల్లుడు అక్కడి అబ్బాయి. మనవడి స్కూల్ ప్రాజెక్ట్ కోసం వంశవృక్షం గీస్తూ ఆన్‌లైన్‌లో వెతికితే, అల్లుడి ముత్తాతకు తాత ఇంగ్లండ్ నుంచి ఓడలో వచ్చిన ఖైదీ అని తేలిందట. "ఏమ్మా, మా మనవడిది హంతకుల వంశమా?" అని గొంతు తగ్గించి అడిగారు. సిడ్నీలో కుటుంబ చరిత్రలు వెతికిపెట్టడం నా పని కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు.

హంతకుల్ని చాలావరకు ఇంగ్లండ్‌లోనే ఉరి తీసేవారు. ఇంత దూరం ఓడ ఖర్చు పెట్టుకుని ఎందుకు పంపుతారు? 1788 నుంచి 1868 దాకా బ్రిటిష్ ప్రభుత్వం శిక్షగా ఆస్ట్రేలియాకు పంపిన సుమారు 1,62,000 మంది ఖైదీల్లో ఎక్కువమంది దొంగతనం కేసుల వాళ్లే. అలాగని అందరూ రొట్టెముక్క దొంగిలించిన అమాయకులూ కాదు, చేయి తిరిగిన దొంగలూ బోలెడుమంది. మేరీ వేడ్ అనే చిన్నపిల్లకు, ఇంకో పిల్ల బట్టలు లాక్కున్నందుకు 1789లో లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టు ఉరిశిక్ష వేసింది. తర్వాత దాన్ని ప్రవాస శిక్షగా మార్చారు. 1790లో లేడీ జూలియానా ఓడలో సిడ్నీలో దిగింది. ఆస్ట్రేలియా మాజీ ప్రధాని కెవిన్ రడ్ ఆమె సంతతే. ఫోర్జరీ కేసులో వచ్చిన ఫ్రాన్సిస్ గ్రీన్‌వే అనే ఆర్కిటెక్ట్ బొమ్మనైతే ఒకప్పుడు ఏకంగా పది డాలర్ల నోటు మీదే వేసుకున్నారు! ఇక్కడ చాలామంది ఖైదీ పూర్వీకుడు దొరికితే గొప్పగా చెప్పుకుంటారు, మీరు టెన్షన్ పడకండమ్మా అన్నాను.

ఆవిడ కుదుటపడ్డాక, "అది సరే, ఆయనే ఈయన అని ఎలా తెలిసింది?" అని అడిగాను.

"పేరు కలిసిందిగా. వయసు కూడా ఇంచుమించు సరిపోయింది."

నాకు తల పట్టుకోవాలనిపించేది ఇక్కడే. జనం డబ్బూ ఏళ్లూ పోగొట్టుకునేది ఈ ఒక్క అపోహ వల్లే. మన ఊళ్లో "వెంకటేశ్వరరావు ఇల్లెక్కడండీ" అంటే "ఏ వెంకటేశ్వరరావు?" అని ఇంటిపేరు అడుగుతారు కదా. ఖైదీకి ఇంటిపేరు అతను దిగిన ఓడ. జాన్ స్మిత్‌ల గోల పడలేక అప్పటి అధికారులే పేరు పక్కన ఓడ, వచ్చిన సంవత్సరం రాసుకునేవారు. ఓడ పేరు ఒక్కటీ చాలదు, 'ఆసియా' అనే ఓడ లాంటివి మళ్లీ మళ్లీ ఖైదీల్ని తెచ్చాయి కాబట్టి ఎన్నో ట్రిప్పో కూడా చూడాలి. ఆ వివరం దొరికేదాకా ఆ ఖైదీ మీ తాత కాడు, ఎవరి తాతో.

మరి ఓడ ఎలా దొరుకుతుంది? ఇంగ్లండ్ కోర్టు నుంచి ఇటు రావద్దు, మనవడి దగ్గర నుంచి వెనక్కి వెళ్లండి. ముందు మరణ ధ్రువపత్రం. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియాలో 1853 నుంచి, సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్‌లో 1856 నుంచి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉంది. తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన ఊరు, ఇక్కడ ఎన్నేళ్లున్నాడో అందులో ఉంటాయి. పూర్తిగా నమ్మొద్దు సుమా, రాయించింది కొడుకైతే తండ్రి తనకు చెప్పిన కథే రాయించి ఉంటాడు. "నావికుడిగా వచ్చాడు" అని చదివి నవ్వుకున్న సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. తర్వాత పెళ్లి. శిక్షలో ఉన్నవాడు పెళ్లాడాలంటే అనుమతి అడగాలి, న్యూ సౌత్ వేల్స్‌లో ఆ దరఖాస్తుల రిజిస్టర్లు 1826 నుంచి 1851 వరకు ఉన్నాయి. వధూవరుల పేర్లతో పాటు వయసు, ఓడ ఉంటాయి. నా దృష్టిలో ఇంతకన్నా విలువైన కాగితం లేదు. అక్కడి నుంచి ఇండెంట్‌కు, అంటే ఓడలో వచ్చిన ఖైదీల వివరాల జాబితాకు వెళ్తే, 1820ల చివరి నుంచి వచ్చినవాళ్లకైతే సొంత ఊరు, వృత్తి, ఎత్తు, పచ్చబొట్లు, గాయాల మచ్చలతో సహా దొరుకుతాయి.

మనిషి దొరికాక కూడా ఆగండి. అతన్ని చంపి చూడండి. అంటే, ఆ ఓడలో వచ్చిన ఆ పేరుగల వాడు ఈలోపే ఎక్కడైనా చనిపోయాడేమో వెతకండి. ఈ పాఠం నాకు ఉచితంగా రాలేదు. పనిలో కొత్తగా ఉన్నప్పుడు ఒక పెద్దాయనకు విలియం అనే ఖైదీని పట్టి ఇచ్చాను. ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో విచారణ, ఇక్కడి బాథర్స్ట్‌లో టికెట్ ఆఫ్ లీవ్ (శిక్షలో ఉండగానే సొంతంగా పని చేసుకునే అనుమతి), అన్నీ అందంగా అమిరాయి. ఆ పెద్దాయన విమానం టికెట్ కొనుక్కుని లాంకషైర్ వెళ్లి, అక్కడి చర్చి ముందు నిలబడి ఫొటో పంపారు. రెండు నెలల తర్వాత వేరే పని మీద ఖైదీల మరణాల రిజిస్టర్ తిప్పుతుంటే ఆ ఓడ విలియం కనబడ్డాడు. 1834లో ఆసుపత్రిలో పోయాడు. మా పెద్దాయన వంశంలో విలియంకు మొదటి బిడ్డ పుట్టింది 1839లో. ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ చర్చిలో కొవ్వొత్తి కూడా వెలిగించానమ్మా" అన్నారు. ఫీజు తిరిగి ఇచ్చేశాను, అయినా ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. న్యూ సౌత్ వేల్స్ 1828 జనాభా లెక్కల్లో పేరు పక్కన జీ.ఎస్. అని ఉంటే "గవర్నమెంట్ సర్వెంట్", అంటే ఇంకా శిక్షలో ఉన్న ఖైదీ. మా తాతకు గవర్నమెంట్ ఉద్యోగమని మురిసిపోయిన కుటుంబం నాకు తెలుసు! శిక్ష పూర్తయినవాడికి ఎఫ్.ఎస్., స్వేచ్ఛగా వచ్చినవాడికి సీ.ఎఫ్. అని రాసేవారు. ఖైదీలందరూ టాస్మానియాలోని పోర్ట్ ఆర్థర్ జైల్లో సంకెళ్లతో లేరు, అక్కడికి ఎక్కువగా పంపింది ఇక్కడికొచ్చాక మళ్లీ నేరం చేసినవాళ్లను. చాలామంది వ్యవసాయదారుల దగ్గర పనికి కుదిరినవాళ్లే. పరువు పోతుందని రికార్డులన్నీ తగలబెట్టారన్నది పుకారు. నిజంగా కాలిపోయినవి వేరే ఉన్నాయి, 1922లో డబ్లిన్‌లో అగ్నికి ఆహుతైన ఐరిష్ రికార్డులు. డబ్బు కట్టే వెబ్‌సైట్లే దిక్కనీ అనుకోకండి, టాస్మానియా ఖైదీల ప్రవర్తన రికార్డులు అక్కడి ప్రభుత్వ ఆర్కైవ్స్ సైట్‌లో అసలు పేజీల ఫొటోలతో సహా ఉచితం. మనవాళ్లనూ ఇక్కడికి పంపారా అని కొందరు అడుగుతారు. భారతీయ ఖైదీలను ఎక్కువగా పెనాంగ్, సింగపూర్ వైపు, 1858 నుంచి అండమాన్‌కు పంపేవారు. భారతదేశం నుంచి ఇక్కడికి ఖైదీలుగా వచ్చినవాళ్లు ఎక్కువగా కోర్టు మార్షల్ అయిన బ్రిటిష్ సైనికులు.

ఇంతకీ ఆ మెల్‌బోర్న్ ఆవిడ. అల్లుడి చేత ఆ ముత్తాత తాత మరణ ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టించారు. ప్రాజెక్ట్ మాత్రం శుక్రవారం ఇచ్చేయాలట. ఆ గడిలో పేరు పెన్సిల్‌తో రాయమని పిల్లాడికి చెప్పాను.