బౌబజార్ మలుపు: కోల్‌కతా మెట్రో దారి తప్పించుకోబోయి...

సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా ఎక్కి హౌరాలో దిగేవాళ్లు ఇప్పుడు బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కోనక్కర్లేదు. స్టేషన్ దగ్గరే మెట్రోలోకి దిగితే, హుగ్లీ నది అడుగున 520 మీటర్ల సొరంగం దాటి ఎస్ప్లనేడ్‌లో పైకి రావచ్చు. నది కింద తవ్వడమే గండమని అంతా అనుకున్నారు. తీరా లైను పీకల మీదికి తెచ్చింది నది కాదు, ఎస్ప్లనేడ్ నుంచి సియాల్దా రైల్వే స్టేషన్ దాకా ఉన్న సుమారు రెండున్నర కిలోమీటర్ల ముక్క.

ఊరివాళ్లకి ఎస్ప్లనేడ్ అంటే ధర్మతలాయే. దేశంలో మొదటి మెట్రో రైలు 1984 అక్టోబర్ 24న ఇక్కణ్నుంచే భవానీపూర్ వైపు నడిచింది. అప్పట్లో చాలావరకు రోడ్డును పైనుంచే తవ్వి, లోపల కాంక్రీటు పెట్టె కట్టి, మళ్లీ పూడ్చారు. ఊరు ఏళ్ల తరబడి దుమ్ములో, బురదలో నలిగింది. కానీ గొయ్యి ఎక్కడుందో అందరి కళ్లకీ కనబడేది.

తర్వాత వచ్చిన ఈస్ట్–వెస్ట్ లైను, అంటే హౌరా నుంచి నది కింద వచ్చే ఈ లైను, అసలు ఎస్ప్లనేడ్‌కి రావలసింది కాదు. తొలి ప్లాను ప్రకారం సియాల్దా నుంచి బి.బి. గంగూలీ వీధి కిందుగా సెంట్రల్ మెట్రో స్టేషన్‌కి పోవాలి. అలాగైతే బౌబజార్ ప్రాంతంలో దుకాణాలు, ఇళ్లు ఖాళీ చేయించాలి. దానికి వ్యతిరేకత వచ్చింది, రాష్ట్ర ప్రభుత్వం కూడా దారి మార్చమంది. లైను దక్షిణానికి వంగి ఎస్ప్లనేడ్ మీదుగా తిరిగింది. 14.67 కిలోమీటర్లది పదహారున్నర దాటింది. బౌబజార్‌ని మాత్రం పూర్తిగా తప్పించుకోలేదు. కొత్త సొరంగం దాని పాత సందుల కిందికే వచ్చింది.

2019 ఆగస్టు 31న 'చండీ' అనే తవ్వకం యంత్రం భూగర్భ జలాల పొరను తాకింది. గంగా డెల్టా మట్టి, ఇసుకా సన్నటి ఒండ్రూ కలిసింది. నీళ్లతో పాటు అదీ సొరంగంలోకి జారింది, పైన నేల కుంగింది. దుర్గా పితూరీ లేన్, స్యాక్రాపారా లేన్‌లలో ఇళ్లు బీటలిచ్చాయి, కొన్ని కూలాయి. బెంగాలీలో స్యాక్రా అంటే కంసాలి. తరతరాలుగా నగలు చేసే పేట అది. వందేళ్లు దాటిన ఇళ్ల నుంచి జనం కట్టుబట్టలతో వచ్చి హోటల్ గదుల్లో తలదాచుకున్నారు. తవ్వకాన్ని కలకత్తా హైకోర్టు ఆపించింది, 2020 ఫిబ్రవరిలో గానీ మళ్లీ అనుమతి రాలేదు.

పాడైన చండీ బదులు, పక్కనే జంటగా సాగే రెండో సొరంగం తవ్వి సియాల్దా చేరిన 'ఉర్వి' అనే యంత్రాన్ని వెనక్కి తిప్పి మిగతాది తవ్వించారు. (ఉర్వి అంటే భూమి, పేరు పెట్టినవారు బాగానే ఆలోచించారు.) అక్కడితోనూ తీరలేదు. 2022 మేలో, మళ్లీ అక్టోబర్‌లో నీరు ఊరింది, ఇంకొన్ని ఇళ్లకు పగుళ్లు పడ్డాయి.

2024 మార్చిలో హౌరా వైపు ముక్క తెరిచారు. మధ్యలో మిగిలిన ఎస్ప్లనేడ్–సియాల్దా ముక్క 2025 ఆగస్టు 22న గానీ కలవలేదు. బౌబజార్ కింద రైలు ఇప్పుడు ఆగకుండా పోతుంది. అక్కడ ఈ లైనుకి స్టేషన్ లేదు. ఎక్కాలంటే సియాల్దాకో ఎస్ప్లనేడ్‌కో వెళ్లాలి.