ఫ్రీజ్ కాస్టింగ్: రంధ్రాలు ఫర్నేస్‌లో పుట్టవు

అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొడిని నీళ్లలో జావలా కలిపి, గడ్డకట్టించి, మంచును ఆవిరిగా తీసేసి, మిగిలినదాన్ని కాల్చి రంధ్రాల సిరామిక్ ముక్క చేయడమే ఫ్రీజ్ కాస్టింగ్.

అపోహ: రంపపు పొట్టు కలిపి కాల్చినట్టే ఇదీ, వేడికే రంధ్రాలు పడతాయి.
వాస్తవం: రంధ్రం ఆకారం మంచుదే. పుల్ల ఐస్ చప్పరిస్తే రంగూ తీపీ పోయి తెల్లగడ్డ మిగులుతుంది కదా. గడ్డకట్టే నీళ్లు దేన్నీ లోపల ఉండనివ్వవు, పక్కకు నెడతాయి. అల్యూమినా రేణువులూ అలాగే మంచు పలకల సందుల్లోకి ఒత్తుకుపోయి గోడలవుతాయి.

అపోహ: 30 శాతం జావ అంటే 70 గ్రాముల నీళ్లు, 30 గ్రాముల పొడి.
వాస్తవం: ఆ లెక్క ఘనపరిమాణంలో. 100 మి.లీ. నీళ్లకు సుమారు 170 గ్రాముల అల్యూమినా పడుతుంది. బరువు లెక్కన 43 గ్రాములే వేస్తే ఘనపరిమాణంలో 10 శాతమే అవుతుంది, ఆరిన ముక్క వేళ్ల మధ్యే రాలిపోతుంది. అల్యూమినా బరువులో 1 శాతం డిస్పర్సెంట్ (రేణువులు ముద్దకట్టకుండా విడదీసేది), 2 శాతం పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్, రేణువుల్ని పట్టి ఉంచే బంక) వేయాలి. పీవీఏను పొడిగా చల్లితే ఉండలు కడుతుంది. 80–90 డిగ్రీల వేడినీళ్లలో ముందే కరిగించి, ఆ నీళ్లనూ లెక్కలో కలపండి. బాల్ మిల్లులో (గుండ్లతో నూరే డబ్బాలో) రాత్రంతా తిప్పాక వాక్యూమ్‌లో బుడగలు తీయాలి.

అపోహ: ఇంట్లో డీప్ ఫ్రీజర్ చాలు.
వాస్తవం: అక్కడ చలి అన్ని వైపుల నుంచీ వస్తుంది, రంధ్రాలు తలోదిక్కు పోతాయి. చివరికి నడుమ మిగిలిన నీళ్లు గడ్డకడుతూ 9 శాతం ఉబ్బి ముక్కను పగలగొడతాయి. చలి కిందినుంచే రావాలి: టెఫ్లాన్ గొట్టం, రాగి అడుగు, దాని కింద లిక్విడ్ నైట్రోజన్‌లో మునిగిన రాగి కడ్డీ. కడ్డీకి హీటర్ చుట్టి నిమిషానికి 5–10 డిగ్రీల చొప్పున దించండి. వేగం పెరిగేకొద్దీ రంధ్రాలు సన్నబడతాయి, మరీ పెరిగితే మంచు రేణువుల్ని మింగేస్తుంది. అడుగున చిక్కటి పొర ఎలాగూ వస్తుంది, కోసి పారేయడమే. వానాకాలంలో రాగిని ముందే చల్లబెట్టకండి, జావ పోసేలోపే దానిమీద మంచు పేరుకుంటుంది.

నైట్రోజన్ పశువుల ఆసుపత్రి క్యాన్లలో ఉండేదే, కానీ లీటరు సుమారు 700 లీటర్ల వాయువవుతుంది. అది గదిలోని ఆక్సిజన్‌ను పక్కకు నెట్టి ఊపిరాడనివ్వదు, అందుకే ఏసీ కోసం తలుపులు మూసిన గదిలో వద్దు.

అపోహ: నీళ్లకు బదులు టెర్ట్-బ్యూటనాల్ (ఒక రకం ఆల్కహాల్) వాడితే చలి అక్కర్లేదు.
వాస్తవం: అది గడ్డకట్టేది 25 డిగ్రీల దగ్గర. మే నెల వరంగల్‌లో సీసాలోనే ద్రవంగా ఉంటుంది.

అపోహ: గడ్డకట్టింది కాబట్టి ఎండలో ఆరబెట్టొచ్చు.
వాస్తవం: మంచు కరిగితే గోడలు కూలతాయి. 6 మిల్లీబార్ కన్నా బాగా తక్కువ పీడనంలో, ఫ్రీజ్ డ్రైయర్‌లో మంచు ఆవిరిగానే పోవాలి. చిన్న ముక్కకే 24–48 గంటలు పడుతుంది. మధ్యలో కరెంటు పోతే గుండె భాగం కరుగుతుంది, పంపును ఇన్వర్టర్ మీద పెట్టండి. బరువు తగ్గడం ఆగాకే బయటికి తీయాలి. ఆపై ఫర్నేస్‌లో, పీవీఏ మెల్లగా కాలిపోయేలా 600 డిగ్రీల దాకా నిమిషానికి 1 డిగ్రీ చొప్పున పెంచి, గోడలు గట్టిపడేలా 1550 దగ్గర 2 గంటలు ఉంచండి.