పర్లాకిమిడి ఎండ ఎవరి లెక్కలో ఉంది?

ఎండాకాలం వార్తల్లో మా ఊరు కనబడదు. ఒడియా ఛానల్ పెడితే టిట్లాగఢ్, ఝార్సుగూడ, బౌధ్ అంటారు. తెలుగు ఛానల్ తిప్పితే రెంటచింతల, రామగుండం అంటారు. మధ్యలో, ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రమైన పర్లాకిమిడిలో ఇవాళ ఎంత ఎండ కాసింది, రేపు ఎలా ఉంటుంది అన్నది ఎవరూ ఎత్తరు. ఫోన్ తీస్తే 36 అనో 37 అనో ఉంటుంది. ఆ అంకె చూసి సంబల్‌పూర్‌లో ఉన్న చుట్టాలు "మాకు 44, మీకేం హాయిగా ఉన్నారు" అంటారు. హాయి ఎక్కడిది? మే నెలలో పదకొండింటికి బజారుకెళ్లి కూరగాయలు తెచ్చేసరికి చొక్కా పిండితే నీళ్లు కారతాయి, రాత్రి పదకొండైనా ఫ్యాను గాలి వేడిగానే తగులుతుంది, ఆ సమయంలో కరెంటు పోయిందా, పసిపిల్లలున్న ఇంట్లో తెల్లార్లూ జాగారమే.

ఇది ఈ ఏడాది కొత్తగా వచ్చింది కాదు. ఊరు ఉన్న చోటు, 1936లో పడిన సరిహద్దు, వడగాలి అంటే ఏమిటో తేల్చడానికి పెట్టుకున్న కొలతలు, ఈ మూడూ కలిసి తెచ్చిన చిక్కు ఇది.

ముందు చోటు సంగతి. ఊరు మహేంద్రతనయ ఒడ్డున, తూర్పు కనుమల పాదాల దగ్గర ఉంది. ఉత్తరాన కొండలు, వాటిలో పేరున్నది 1,501 మీటర్ల మహేంద్రగిరి. తూర్పున సముద్రం, తీరం దగ్గరి నౌపడా దాకా రైలు దారి చూస్తే నలభై కిలోమీటర్ల లెక్క. అంటే సముద్రానికి మరీ దగ్గరా కాదు, మరీ దూరమూ కాదు. పొద్దెక్కేకొద్దీ నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీది తేమ గాలి వస్తుంది. కళింగపట్నంలో అది మధ్యాహ్నానికి ముందే తగులుతుంది, మా దాకా వచ్చేసరికి రెండు, మూడు అవుతుంది. వచ్చాక ఎండ తీవ్రత కాస్త తగ్గినట్టే ఉంటుంది గానీ ఉక్క మొదలవుతుంది. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆరదు, కారుతుంది అంతే. 35 డిగ్రీల వేడికి 70 శాతం తేమ తోడైతే ఒంటికి దాదాపు 50 డిగ్రీల్లా అనిపిస్తుందని శాస్త్రవేత్తల లెక్క. ఫోన్ మాత్రం 35 అనే చూపిస్తుంది.

ఇంకో రకం రోజులు కూడా ఉన్నాయి, అవి మరీ ప్రమాదం. పడమటి గాలి బలంగా తిరిగిందంటే సముద్రపు గాలి ఒడ్డు దాటి లోపలికి రాలేదు. మధ్య భారతం మీద కాగిన పొడి గాలి కనుమలు ఎక్కి ఇటు దిగుతుంది. పొడి గాలి కిందికి దిగేటప్పుడు కిలోమీటరుకి సుమారు 10 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. నిన్నటిదాకా 37 ఉన్న ఊరు ఒక్కసారి 41, 42కి ఎగబాకేది ఇలాంటి రోజునే. బంగాళాఖాతంలో తుపాను పుట్టి మన వైపు రాకుండా ఈశాన్యానికి వెళ్లిపోయినప్పుడు కూడా ఇదే జరుగుతుంది, తుపాను తేమనంతా తన వైపు లాక్కుంటుంది, వెనక పొడి గాలి మిగులుతుంది. 2023 మేలో మోచా తుపాను మయన్మార్ వైపు వెళ్లినప్పుడు కోస్తా ఆంధ్రలో ఎండలు అలాగే ముదిరాయి. అందుకే మేలో తుపాను వార్త వింటే వాన వస్తుందని సంబరపడకండి, అది ఎటు వెళ్తోందో చూడండి.

ఇక సరిహద్దు. 1936 ఏప్రిల్ 1కి ముందు పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా కింద ఉండేది. ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం అయిన ఆ రోజున ఊరు ఒరిస్సాలోకి వెళ్లింది, పర్లాకిమిడి జమీందారీలో కొంత భాగం ఆంధ్ర వైపు మిగిలింది. ఊరి పొలిమేర దాటితే ఆంధ్రా, పాతపట్నం కూతవేటు దూరం. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది, 1992 అక్టోబరు 2న గంజాం నుంచి విడిపోయి గజపతి జిల్లా అయింది. పెళ్లిళ్లు, సంతలు, ఆసుపత్రులు అన్నీ ఇటూ అటూ సాగుతూనే ఉన్నాయి, మారినవి ఆఫీసులే. వాతావరణం లెక్కలకి ఇదెంత ముఖ్యమంటే, ఒక ఊరికి ఇది మామూలు ఎండ, ఇది అసాధారణం అని చెప్పాలంటే ముప్పై ఏళ్ల సగటు కావాలి. దగ్గర్లో పాతకాలం నుంచి లెక్కలున్నవంటే గోపాల్‌పూర్, కళింగపట్నం. రెండూ సముద్రం ఒడ్డునే ఉన్నాయి, ఒకటి ఒడిశాలో, ఒకటి ఆంధ్రలో. వాటి సగటు పట్టుకుని మా ఊరి ఎండని అంచనా కడితే తప్పకుండా తేడా వస్తుంది.

పైగా చాలా ఏళ్లు సూచనలు జిల్లాకి కాదు, సబ్‌డివిజన్‌కి ఇచ్చేవారు. భారత వాతావరణ శాఖ దేశాన్ని 36 సబ్‌డివిజన్లు చేసింది, అందులో ఒడిశా మొత్తం ఒకటే. "ఒడిశాలో కొన్ని చోట్ల వడగాలులు" అని రేడియోలో చెప్తే అది బలాంగీర్ జిల్లాకా, మాకా అన్నది తేలేది కాదు. టిట్లాగఢ్‌లో 2003 జూన్‌లో 50.1 డిగ్రీలు నమోదైందని రికార్డుల్లో ఉంది. అలాంటి చోటునీ తేమతో ఉడికే మా ఊరినీ ఒకే మాటలో చుట్టేస్తే ఆ సూచన మాకు ఏ పనికొస్తుంది?

అసలు ఎండని విపత్తుగా చూడటం కూడా పాత అలవాటేమీ కాదు. తుపాను, వరద, కరువు అంటే ప్రభుత్వం కదిలేది, వడదెబ్బ అంటే ఎవరి ఖర్మ వాళ్లది అన్నట్టుండేది. 1998 వేసవి దాన్ని మార్చింది. ఆ ఒక్క ఏడాది ఒడిశాలో వడదెబ్బకి 2,042 మంది చనిపోయారని ప్రభుత్వ లెక్క. ఆ తరవాతే పనివేళలు మార్చడం, చలివేంద్రాలు పెట్టడం, ఆసుపత్రుల్లో వడదెబ్బకి విడిగా మంచాలు కేటాయించడం లాంటివి ఏటా జరిగే పనులయ్యాయి. ఇటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో వెయ్యి మందికి పైగా పోయారు, 2015లో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి చనిపోయినవాళ్లు దాదాపు 2,000. అహ్మదాబాద్ నగరం 2010 మేలో 46.8 డిగ్రీల ఎండ చూశాక 2013లో ఎండల కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది, దాన్ని చూసి మిగతావాళ్లు మొదలుపెట్టారు. ఒడిశా ఈ విషయంలో చాలామంది కంటే ముందుంది, అది ఒప్పుకోవాలి.

కానీ చిక్కంతా కొలతల్లో ఉంది. మైదాన ప్రాంతంలో వడగాలి అని ప్రకటించాలంటే ఎండ కనీసం 40 డిగ్రీలు ఉండాలి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువ కావాలి. లేదా నేరుగా 45 దాటాలి. 47 దాటితే తీవ్ర వడగాలి. సముద్రతీర కేంద్రానికైతే 37 డిగ్రీలు, దానితో పాటు ఆ 4.5 తేడా. కొండ ప్రాంతానికి 30. ఇప్పుడు మా ఊరిని ఏ గడిలో పెట్టాలి? కొండ కింద ఉంది గానీ కొండ మీద లేదు, సముద్రం గాలి వస్తుంది గానీ తీరంలో లేదు. మైదానం లెక్కన చూస్తే 38 డిగ్రీలకి 65 శాతం తేమ ఉన్న రోజు కూడా వడగాలి కిందికి రాదు. ఆ రోజు పగలు ఇటుకలు మోసిన మనిషికి మాత్రం కళ్లు తిరుగుతాయి. వాతావరణ శాఖ 2023 వేసవి నుంచి తేమని కూడా కలిపి లెక్కగట్టే ఉష్ణ సూచీని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది, "వేడి, ఉక్కపోత" అని విడిగా హెచ్చరికలూ ఇస్తోంది. నా మట్టుకు నాకు మా ప్రాంతానికి పనికొచ్చే మార్పుల్లో పెద్దది ఇదే. ఒడియా టీవీలు ఇంకా అంకె ఎవరిది పెద్దదన్న పోటీలోనే ఉన్నాయి.

ఇంకో మాట కూడా చెప్పాలి. వాతావరణ కేంద్రంలో ఉష్ణోగ్రత ఎండలో కొలవరు. తెల్లరంగు వేసిన చెక్కపెట్టె, పక్కలకి గాలి ఆడే పలకలు, నేలకి నాలుగడుగుల ఎత్తున లోపల థర్మామీటరు. అంటే మనం వినే 38 నీడలో, గాలి ఆడే చోట కొలిచిన 38. తారురోడ్డు పక్కన బండి పెట్టుకుని ముంజెలు అమ్మే ఆవిడ ఒంటికి తగిలేది అది కాదు, రేకుల ఇంట్లో మధ్యాహ్నం వంట చేసే మనిషికి తగిలేదీ అది కాదు.

నీడ అంటే తిత్లీ గుర్తొస్తుంది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన ఆ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది, గజపతి జిల్లాలో కొండచరియలు పడి ఎందరో చనిపోయారు. ఆ ప్రాణనష్టం ముందు చెట్ల మాట చిన్నదే. అయినా ఆ ఒక్క రాత్రి పడిపోయిన పెద్ద చెట్ల నీడ మళ్లీ రావాలంటే ఒక తరం పడుతుంది, కొత్తగా నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే మనిషెత్తు దాటుతున్నాయి. రోడ్ల వెడల్పుకి పోయినవి వేరే. ఊళ్లో ఎండ పెరిగిందని పెద్దవాళ్లు అంటే అందులో వాతావరణ మార్పు వాటా ఎంతో, నీడ పోయిన వాటా ఎంతో విడదీయడం కష్టం, కానీ రెండోది మన చేతిలో ఉన్న పని.

సూచనలు మెల్లగా కిందికి దిగుతున్నాయి. భువనేశ్వర్ వాతావరణ కేంద్రం ఇప్పుడు 30 జిల్లాలకీ విడివిడిగా పచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో హెచ్చరికలు ఇస్తుంది. ఆంధ్రలో విపత్తుల నిర్వహణ సంస్థ ఇంకో మెట్టు దిగి ఏ మండలంలో వడగాలి, ఏ మండలంలో తీవ్ర వడగాలి అని పేర్లతో సహా ముందురోజే చెప్తుంది. మా ఊళ్లో తెలుగువాళ్ల ఫోన్లలో తిరిగేది ఎక్కువగా ఆ జాబితానే. అందులో పాతపట్నం ఉందా అని చూసుకుంటారు, ఉంటే మనకీ ఉన్నట్టే అనుకుంటారు. ఆ అంచనా చాలావరకు సరైనదే, గాలికి చెక్‌పోస్టులు లేవు. కానీ బడి వేళలు మారేది, మధ్యాహ్నం కూలి పనులు ఆపేది ఒడిశా ఆదేశంతో, అది ఒడియాలో వస్తుంది. పాతపట్నంలో హెచ్చరిక ఉన్న రోజు ఇక్కడ పసుపు రంగు కూడా లేకపోతే మేస్త్రీ పని ఆపడు. ఈ రెండు ఆఫీసులూ సరిహద్దు మండలాలకీ బ్లాకులకీ ఒకే మాట చెప్పే ఏర్పాటు చేసుకోవాలి, అందులో ఖర్చేమీ లేదు.

పనివేళల విషయం కూడా ఒకసారి ఆలోచించండి. ఒడిశాలో ఎండలు ముదిరితే మామూలుగా ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 వరకు బయట పనులు ఆపమంటారు. పడమటి జిల్లాల పొడి ఎండకి అది చక్కగా సరిపోతుంది. ఇక్కడ మూడింటికి సముద్రపు తేమ గాలి వచ్చి ఉక్క అప్పుడే మొదలవుతుంది, సరిగ్గా ఆ వేళకే కూలీ మళ్లీ తట్ట ఎత్తుతున్నాడు. పొద్దుట ఆరింటికే పని మొదలుపెట్టి పదకొండుకి ముగించేయడం మా ప్రాంతానికి నయం. పొలం పనులు అలా చేసే అలవాటు ముందు నుంచీ ఉంది. పొద్దుటే చోడి (రాగి) అంబలో, తరవాణో (పులిసిన గంజి) తాగి వెళ్లి ఎండెక్కే వేళకి ఇల్లు చేరేవారు. ఒడియా ఇళ్లలో పఖాళ, అంటే నీళ్లలో నానబెట్టిన అన్నం, తినడమూ ఇలాంటిదే. నీళ్లు, ఉప్పు రెండూ ఒంట్లోకి పోతాయి, చెమట ఇంతగా కారే చోట ఉత్త నీళ్లు తాగితే సరిపోదు.

ఇక ఏ వేసవి అయినా మా దగ్గర నడిచే తీరు ఒకటే. మార్చి చివర్లో, ఏప్రిల్‌లో ఛోటా నాగ్‌పూర్ పీఠభూమి మీద మబ్బులు లేచి ఆగ్నేయానికి దిగుతాయి, కాళబైశాఖి అంటారు. సాయంత్రం గాలివాన, పిడుగులు, ఒక రాత్రి చల్లదనం, మర్నాడు అంతకంత ఉక్క. పొలంలో ఉన్నవాళ్లు చెట్టు కిందికి పరిగెత్తకూడదన్నది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వస్తుంది, రోళ్లు పగిలే ఎండలన్నది అప్పుడే, పడమటి గాలి రోజులు ఎక్కువగా పడేదీ అప్పుడే. ఆ రెండు వారాలు భువనేశ్వర్ ఇచ్చే గజపతి జిల్లా రంగు, ఆంధ్రా జాబితాలో పాతపట్నం పేరు రెండూ చూసుకోండి, ఫోన్‌లో ఉష్ణోగ్రత పక్కనున్న తేమ శాతం కూడా చదవండి. ఫోన్ చెప్పేది మన వీధిది కాదు, కొన్ని కిలోమీటర్ల గడికి లెక్కగట్టిన సగటు. 2025 మేలో మొదలైన వాతావరణ శాఖ కొత్త అంచనా పద్ధతి, భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్, తన లెక్కల్లో గడిని ఆరు కిలోమీటర్లకి తగ్గించింది, అంతకుముందు పన్నెండు ఉండేది. పక్కనే కొండ ఉన్న మా ఊరికి ఈ తేడా బాగా ఉపయోగం.

జూన్ రెండో వారంలో రుతుపవనాలు తాకాలి. మృగశిర రాగానే చినుకు పడిందని జాగ్రత్త వదిలేయకండి. తొలకరికీ, నిలకడగా వానలు పట్టడానికీ మధ్య వచ్చే తెరిపి రోజుల్లో ఎండ 36 దాటకపోయినా తేమ తారస్థాయిలో ఉంటుంది. ముసలివాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, బాలింతలు ఉన్న ఇళ్లలో అప్పుడు కూడా ఒక కన్నేసి ఉంచాలి. ఎవరికైనా ఒళ్లు కాలిపోతూ, మాట తడబడితే తడిగుడ్డ చుట్టి, గాలి విసురుతూ నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.