చలికి మొండికేసే జిగురు

కారు తలుపును వేలి కణుపుతో తట్టి చూడండి, ఖంగుమంటుంది. అదే తలుపుకు లోపలివైపు బ్యుటైల్ రబ్బరు షీటు అంటించి మళ్లీ తడితే, మందపాటి చెక్కను కొట్టినట్టు దబ్బుమని ఆగిపోతుంది. చాలా కార్లలో తలుపు రేకు మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అంత పల్చటి రేకు టైర్ల రొదకూ, రోడ్డు కుదుపులకూ, స్పీకర్ దెబ్బకూ వణుకుతూనే ఉంటుంది. ఆ వణుకును మింగడమే షీటు పని.

ఎలా మింగుతుంది? షీటుకు పైన అల్యూమినియం ఫాయిల్, కింద జిగట రబ్బరు ఉంటాయి. తలుపు రేకు వంగినప్పుడల్లా రబ్బరు ఆ రెండు లోహాల మధ్య ఇరుక్కుని పక్కకు సాగుతుంది. స్ప్రింగులా టక్కున వెనక్కి రాదు, బద్ధకంగా వస్తుంది. ఆ బద్ధకంలోనే కదలిక కాస్తా వేడిగా మారిపోతుంది. చేతికి తెలిసేంత వేడి కాదు గానీ, మోత ఆగడానికి అది చాలు.

షీటు రేకుకు అంటుకోవడం వెనక ఉన్నదీ ఇదే గుణం. పెయింటు మన కంటికి నున్నగానే కనిపిస్తుంది. సూక్ష్మంగా చూస్తే అన్నీ గుట్టలూ గుంటలే. జిగురు నెమ్మదిగా పారి ఆ గుంటల్లోకి దిగాలి. 3ఎం కంపెనీలో పనిచేసిన కార్ల్ డాల్‌క్విస్ట్ 1960ల్లో దీనికొక లెక్క చెప్పాడు. నొక్కితే అంటుకునే జిగురు ఏదైనా దాని బిరుసుదనం సుమారు 3 లక్షల పాస్కల్స్ (బిరుసును కొలిచే ప్రమాణం) లోపు ఉండాలి. అంతకు మించితే గుంటల్లోకి దిగదు, అంచుల మీదే ఆగిపోతుంది. మామూలు రబ్బర్ బ్యాండు వేలికి అంటుకోకపోవడానికి కారణం ఇదే, దాని బిరుసు ఆ గీత దాటి ఉంటుంది.

చలి చేసే పని జిగురును ఆ గీతవైపు నెట్టడం. బ్యుటైల్ నిజంగా గాజులా గట్టిపడాలంటే సున్నాకు 65, 70 డిగ్రీలు కిందికి పోవాలి. అంత చలిలో ఎవరూ షీట్లు అంటించరు. కానీ దాని పొడవాటి అణువుల గొలుసులు అంతకు చాలా ముందే మందకొడిగా తయారవుతాయి. బ్యుటైల్‌కు బదులు తారుతో చేసిన షీట్ల సంగతి ఇంకా కష్టం, చలిలో వంచితే పగుళ్లిస్తాయి. తారు జాతి పదార్థాల నిదానం ఎంతటిదో చూపడానికి క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో 1927లో థామస్ పార్నెల్ ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. సుత్తితో కొడితే పగిలే పిచ్‌ను గరాటులో పోశాడు. 1930లో గరాటు కాడ కోశాక, 2014 వరకూ రాలినవి తొమ్మిదే చుక్కలు! మన షీటులోని జిగురు అంత నిదానం కాదు, అయినా పారడానికి దానికీ సమయం కావాలి. చల్లబడేకొద్దీ ఇంకా ఎక్కువ కావాలి.

చాలామంది చేసే పొరపాటు షీటును మాత్రమే వేడిచేయడం. పైనుంచి చూస్తే మెత్తగా, లొంగినట్టే ఉంటుంది. కానీ చల్లటి ఉక్కుకు తగలగానే ముందు చల్లబడేది రేకును ముట్టుకున్న పొరే, మనకు మెత్తగా కావలసిందీ ఆ పొరే. కాబట్టి ముందు రేకును వేడి చేయాలి. 0.8 మిల్లీమీటర్ల ఉక్కు రేకు చదరపు మీటరుకు 6 కిలోల పైచిలుకు తూగుతుంది. దాన్ని 5 డిగ్రీల నుంచి 25కి తేవడానికి సుమారు 60 కిలోజౌళ్లు కావాలి. 1500 వాట్ల హీట్ గన్ (వేడిగాలి చిమ్మే పరికరం) వేడంతా రేకుకే చేరితే 40 సెకన్ల పని. చేరదు, సగానికి సగం గాలిపాలవుతుంది. పైగా రేకు ఎంత త్వరగా వేడెక్కుతుందో అంత త్వరగా చల్లారుతుంది. నాలుగు తలుపులూ ఒకేసారి విప్పి కూర్చోకుండా ఒక్కో భాగం వేడి చేసి, వెంటనే అంటించి, చిన్న గట్టి రోలర్‌తో రుద్దాలి. ఫాయిల్ మీది అచ్చు గీతలు చదునైతే షీటు బాగా కూర్చున్నట్టే.

నా ఉద్దేశంలో చలికన్నా తేమ పెద్ద శత్రువు. బయట చలిలో నిలిపిన కారును వెచ్చటి షెడ్డులోకి తెస్తే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టినట్టే రేకుకూ చెమట పడుతుంది. గాలి 20 డిగ్రీలూ తేమ 60 శాతమూ ఉంటే, 12 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ లోహం మీదైనా నీరు చేరుతుంది. ఆ పల్చటి పొర కంటికి ఆనకపోవచ్చు, జిగురును మాత్రం రేకు దాకా పోనివ్వదు. షెడ్డులో గ్యాస్ హీటర్ వెలిగిస్తే నయమనుకుంటాం. కిలో ప్రొపేన్ కాలితే దాదాపు 1.6 కిలోల నీరు పుడుతుంది! పొగగొట్టం లేని హీటరైతే ఆ ఆవిరంతా గదిలోనే ఉంటుంది. విషవాయువు భయం సరేసరి. కరెంటు హీటరు పెట్టి, కారును రాత్రంతా లోపల వదిలేయడం మేలు.

షీటు అంటించే ముందు జిడ్డు పోయేలా రేకును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాక కూడా తొందర పనికిరాదు. చలిలో అది మెల్లగా ఆరుతుంది, ఆరుతూ రేకును ఇంకాస్త చల్లబరుస్తుంది. ఆవిరి పూర్తిగా పోకుండా హీట్ గన్ పట్టుకుంటే అంటుకునేది షీటు కాదు, మంట. తలుపు లోపల వైర్లుంటాయి, ప్లాస్టిక్ క్లిప్పులుంటాయి, కొన్ని కార్లలో పక్క ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ కూడా ఉంటుంది. గన్‌ను ఒకేచోట నిలపకూడదు. అడుగున నీళ్లు పోయే రంధ్రాలను షీటుతో మూసేయకూడదు.

రేకంతా కప్పాల్సిన పనీ లేదు. ఎక్కువగా వణికే మధ్యభాగంలో పావువంతు నుంచి మూడోవంతు వరకూ అంటిస్తే మోత చాలావరకు తగ్గుతుంది. చలిలో పనిచేసేవాళ్లకు ఇది తీపి కబురే. అంటించాక ఒక రోజైనా కారును వెచ్చగా ఉంచితే జిగురు తన నిదానంలో తాను మిగిలిన గుంటల్లోకి దిగుతుంది.

బాగా చలిగా ఉన్న ఉదయం తలుపు తడితే మళ్లీ కాస్త ఖంగుమనవచ్చు. షీటు ఊడిందని కంగారు పడక్కర్లేదు. బిరుసెక్కిన రబ్బరు వణుకును సరిగ్గా మింగలేకపోతోంది, అంతే. అరగంట హీటర్ నడిచాక ఇంకోసారి తట్టి చూడండి.