జాతర అయినంక వస్త సారు: పన్ను పీకిన చోట ఎముక, గ్రాఫ్ట్ మీద అపోహలు - వాస్తవాలు

పోయిన వారం నర్సంపేట వైపు నుంచి ఒకాయన వచ్చాడు, మిర్చి రైతు. 2024 మేడారం జాతరకు ముందు పైవరస ముందు పన్ను ఒకటి నా దగ్గరే తీయించుకున్నాడు. ఇంప్లాంట్ (ఎముకలో స్క్రూ దింపి దాని మీద పెట్టే పన్ను) ఆలోచన ఉంటే ఇప్పుడే ఆ గుంతలో గ్రాఫ్ట్ (ఎముక కరగడం తగ్గించే పొడి) వేసేద్దాం అని ఆ రోజే చెప్పాను. "జాతర అయినంక వస్త సారు" అన్నాడు. మాట తప్పలేదు, వచ్చాడు, కాకపోతే 2026 జాతర కూడా అయిపోయాక. స్కాన్ తీస్తే ఆ చోట ఎముక వెడల్పు 3 మిల్లీమీటర్లు. ఆయనేమో "గాయం మంచిగనే మానింది గద సారు, ఇంకేం పోయింది?" అని నన్నే అడుగుతున్నాడు.

హనుమకొండలో కూర్చుని ఈ ప్రశ్న వారానికి ఒక్కసారైనా వింటాను కాబట్టి ఇది రాస్తున్నా.

చిగురు మానడం వేరు, కింద ఎముక నిలవడం వేరు. చిగురు కొన్ని వారాల్లో మూసుకుంటుంది, అద్దంలో చూసుకుంటే అంతా బాగున్నట్టే ఉంటుంది. పన్నును పట్టుకుని ఉండే ఎముక మాత్రం పన్ను కోసమే ఉంటుంది, పన్ను పోయాక దానికి పని లేదు, కరగడం మొదలుపెడుతుంది. ముందు పళ్లకు పెదవి వైపు ఉండే ఎముక గోడ చాలామందిలో మిల్లీమీటరు మందం కూడా ఉండదు, అన్నిటికంటే ముందు పోయేది అదే. ఏడాది తిరిగేసరికి వెడల్పులో సగం దాకా పోవచ్చు, అందులోనూ ఎక్కువ భాగం మొదటి మూడు నాలుగు నెలల్లోనే. ఇదంతా నేను బొమ్మ గీసి మరీ చెబుతుంటే ఆ రైతే తేల్చేశాడు: "పడావు పెట్టిన పొలంల గట్లు నిలుస్తయా, గంతేనా?" గంతే.

ఇప్పుడు లెక్క చూడండి. మామూలుగా పెట్టే ఇంప్లాంట్ దాదాపు 4 మిల్లీమీటర్ల లావు ఉంటుంది, దాని చుట్టూ కనీసం మిల్లీమీటరు ఎముక కావాలి, అంటే 6 ఉండాలి. 3 ఉన్నచోట ఏం నిలబెడతాం? రెండేళ్ల కింద అయితే గుంతలో అర గ్రాము పొడి, పైన ఒక పొర (మెంబ్రేన్), రెండు కుట్లు, ఎలాగూ మత్తు ఇచ్చే ఉంది కాబట్టి ఇంకో పావుగంట పని. ఇప్పుడు చిగురు తెరవాలి, కింది దవడ వెనక నుంచి ఆయన ఎముకనే కొంత గీకి తీయాలి, పొడితో కలిపి పేర్చాలి, మెంబ్రేన్ కప్పి చిన్న పిన్నులు కొట్టాలి, ఆరు నెలలు ఆగాలి, ఇంప్లాంట్ ఆ తర్వాత. ఖర్చు ఎన్ని రెట్లో చెప్పగానే ఆయన ముఖం చూడలేకపోయాను, ఆ క్షణంలో ఏనుమాముల మార్కెట్లో మిర్చి ధర ఎంతుందో లెక్క వేసుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది.

అట్లని పన్ను పీకించుకున్న ప్రతివాళ్లూ గ్రాఫ్ట్ వేయించుకోవాలని కాదు. బ్రిడ్జి (పక్క పళ్ల ఆసరాతో కట్టే పన్ను) చాలు అనుకునేవాళ్లకు తప్పనిసరి కాదు, జ్ఞానదంతం తీసిన చోట చాలావరకు అక్కర్లేదు. గ్రాఫ్ట్ వేస్తే కరగడం పూర్తిగా ఆగిపోతుందని ఎవరైనా చెబితే అదీ నమ్మకండి, తగ్గుతుంది, అంతే. కానీ ఆ మాట పన్ను తీయకముందే అడగాలి. మొదట్లో నేనూ ఈ తప్పు చేశాను, బయట ఇరవై మంది కూర్చుని ఉంటే పన్ను తీసి, దూది పెట్టి, మాత్రలు రాసి పంపించేశాను, ఎముక సంగతి ఎత్తనే లేదు. మా నాయినమ్మ కింది కట్టుడు పళ్లు డబ్బాలో పెట్టుకుని పెండ్లిళ్లకు మాత్రమే వేసుకునేది, మాట్లాడితే లేచి వస్తాయని. పళ్లు సరిగ్గా చేయలేదని డాక్టరును తిట్టేది. డాక్టరు తప్పేం లేదు, కింద పట్టు దొరకడానికి గట్టే మిగల్లేదని నాకు కాలేజీలో చేరాక అర్థమైంది.

ఇక రెండో పంచాయితీ, ఆ పొడి ఏంటిదని. మా దగ్గర బొక్క అంటే ఎముక, కోస్తా వాళ్లకు బొక్క అంటే రంధ్రం. నాతో చదివిన గుంటూరు మిత్రుడు "బొక్కలో బొక్క పొడి" అని నవ్వేవాడు, మా పనికి రెండర్థాలూ సరిపోతాయి. ఆ పొడి కొన్నిటిలో పశువుల ఎముక నుంచి వస్తుంది, కొన్నిటిలో దాత ఇచ్చిన మనిషి ఎముక నుంచి, కొన్ని పూర్తిగా ల్యాబులో తయారైనవి. పశువుదైతే అందులో మాంసకృత్తులన్నీ తీసేసి ఖనిజం మాత్రమే మిగుల్చుతారు. అయినా వద్దనిపిస్తే వద్దనండి, దాంట్లో సిగ్గేం లేదు, కొల్లాజెన్ మెంబ్రేన్ కూడా ఆవుదా పందిదా అని ముందే అడగండి, వేరే రకాలు ఉన్నాయి. పొడి తనే ఎముక అయిపోదు, బీర తీగకు పందిరి లాంటిది, దాని మీద పాకేది మీ సొంత ఎముకే. మెంబ్రేన్ ఎందుకంటే చిగురు ఎముక కంటే జోరుగా పెరుగుతుంది, అడ్డం లేకపోతే అదే వచ్చి కూర్చుంటుంది.

మిగతావి తొందరగా చెప్పేస్తా. పై పన్ను పీకితే కండ్లు పోతాయా? పోవు, ఎన్నిసార్లు చెప్పాలి. షుగరు ఉంటే గ్రాఫ్ట్ వేయరా? అదుపులో ఉంటే వేస్తాం, మూడు నెలల షుగరు (HbA1c) 10 ఉంటే ముందు అది తగ్గించుకుని రండి. రక్తం పలుచబడే మాత్రలు మీ అంతట మీరు ఆపి రాకండి, ఎముకలు గట్టిపడడానికి ఏడాదికోసారి వేసే ఇంజెక్షన్ తీసుకుని ఉంటే దాచకండి. గుట్కా, జర్దా, బీడీ మానకుండా మాత్రం నేను చేయను, దీంట్లో బేరం లేదు. మొదటి రోజుల్లో నోట్లో ఉప్పు రవ్వల్లా నాలుగు రేణువులు తగిలితే రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి ఏడవకండి, కొన్ని రాలడం మామూలే.

చిగురు గ్రాఫ్ట్ (అంగిట్లోంచి చిన్న ముక్క తీసి చిగురు తగ్గిన చోట అతికించడం) గురించి "అంగిట్ల తోలు వలుస్తరట" అని భయపడి వస్తారు. వలవడం కాదు, మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర మందం ముక్క. నిజం చెప్పాలంటే అతికించిన చోటు కంటే తీసిన చోటే ఎక్కువ మండుతుంది, కొన్ని రోజులు కారం పక్కన పెట్టాల్సిందే, రెండు మూడు వారాల్లో మానుతుంది. టెన్షన్ పడాల్సింది దానికి కాదు, అతికించిన ముక్క కదలకుండా చూసుకోవడానికి. ఆ ముక్కకు మొదటి రోజుల్లో సొంత రక్తనాళాలు ఉండవు, కదిలితే చచ్చిపోతుంది. కాజీపేట నుంచి వచ్చే ఒక అక్కకు కింద ముందు పళ్ల దగ్గర వేశాను, నాలుగో రోజు కుట్లు తెగి వచ్చింది. ఏం తిన్నవక్కా అంటే ఏం తినలేదట. చూడడానికి వచ్చిన ఆడపడుచులకు, వాడకట్టు వాళ్లందరికీ కింది పెదవి గుంజి చూపించిందట. మళ్లీ కుట్లు వేశాక తనే ఫోన్ చేతికిచ్చింది, "ఒక ఫొటో కొట్టుండి సారు, అడిగినోళ్లకు ఇగ గిదే చూపిస్త."