పద్దెనిమిది నిండితే టానింగ్ బెడ్ ఎక్కవచ్చా? అపోహలు - వాస్తవాలు

మొటిమలకు మందు రాయించుకోవడానికి వచ్చే టీనేజర్లలో కొందరి కళ్ల చుట్టూ పాలిపోయిన వలయాలుంటాయి. టానింగ్ బెడ్‌లో పెట్టుకునే కళ్లద్దాల గుర్తులవి. చర్మవైద్యులకు ఇక అడగాల్సిన పని ఉండదు. ఒళ్లు గోధుమరంగు తేలాలని అతినీలలోహిత దీపాల మధ్య పడుకునే ఈ అలవాటుకు చాలా దేశాల్లో వయసు నిబంధన ఉంది. పిల్లలకూ అది తెలుసు. కానీ దాన్ని వాళ్లు వేరే రకంగా అర్థం చేసుకున్నారు.

అపోహ: పద్దెనిమిది దాటితే ప్రమాదం లేదు, అందుకే అప్పుడు అనుమతిస్తారు.

నేను తరచుగా వినేది ఇదే. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2011 నుంచి, కాలిఫోర్నియాలో 2012 నుంచి పద్దెనిమిదేళ్లలోపు వారికి టానింగ్ కేంద్రాల్లో ప్రవేశం లేదు. తన ఒంటికి వచ్చే ముప్పును తానే తేల్చుకోగల వయసు అదని చట్టం అనుకుంది, అంతే. పుట్టినరోజు నాడు చర్మకణాలు గట్టిపడవు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2009లో ఈ పరికరాలను పొగాకు ఉన్న వర్గంలోనే చేర్చింది. మనిషికి క్యాన్సర్ తెస్తాయని రుజువైనవాటి వర్గం అది. బ్రెజిల్ అదే ఏడాది పెద్దలకు కూడా వీటిని నిషేధించింది. 2016 నాటికి ఆస్ట్రేలియా రాష్ట్రాలన్నీ వాణిజ్య కేంద్రాలను మూయించాయి.

అలాగని వయసు గీత వృథా కాదు. చిన్న వయసులో మొదలుపెట్టినవారికి మెలనోమా అనే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్ ముప్పు మరింత ఎక్కువ. కణాల్లోని డీఎన్‌ఏకు జరిగిన నష్టం ఏళ్ల తరబడి పోగుపడుతూనే ఉంటుంది.

అపోహ: అమ్మ సంతకం పెట్టింది కదా!

అమెరికాలో కొన్ని రాష్ట్రాలు తల్లిదండ్రుల అనుమతితో సరిపెట్టుకుంటాయి. అతినీలలోహిత కిరణాలు సంతకాలు చూడవు. పైగా తల్లికి ఈ అలవాటుంటే కూతురికీ అబ్బే అవకాశం ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. నన్నడిగితే, ముందు మాట్లాడవలసింది అమ్మతోనే.

అపోహ: సెలవులకు ముందే కాస్త రంగు తెచ్చుకుంటే ఎండకు చర్మం కాలదు.

ఆ రంగు ఇచ్చే రక్షణ మహా అయితే ఎస్‌పీఎఫ్ (సన్‌స్క్రీన్ డబ్బాలపై ఉండే రక్షణ అంకె) 3 లేదా 4. డీఎన్‌ఏ దెబ్బతిన్నందుకే చర్మం ఆ రంగు తయారుచేసుకుంటుంది. ఎర్రబడలేదు కాబట్టి నష్టం లేదనుకోవడమూ పొరపాటే.

అపోహ: విటమిన్ డి వస్తుంది.

అతినీలలోహిత కిరణాల్లో యూవీఏ, యూవీబీ అని రకాలున్నాయి. ఈ దీపాల్లో ఎక్కువగా ఉండేది యూవీఏ. విటమిన్ డి తయారీకి కావలసింది యూవీబీ. లోపం ఉంటే మాత్రలున్నాయి.

అపోహ: నిషేధించారు కాబట్టి పిల్లలు మానేశారు.

కొందరు మానేశారు. మిగిలినవారికి సిబ్బంది లేని కేంద్రాలు, ఇంట్లో పెట్టుకునే అద్దె పరికరాలు, ఒంటికి రంగు తెస్తాయంటూ నెట్‌లో అమ్మే అనుమతి లేని ముక్కు స్ప్రేలు ఉన్నాయి. నడుము దగ్గర గుండె ఆకారపు స్టిక్కర్ అంటించుకుని పడుకుంటారు. తీశాక మిగిలే తెల్లటి గుర్తును చూసుకుని ఎంత రంగు తేలామో లెక్కగడతారు. వాళ్లతో నలభై ఏళ్లకు వచ్చే క్యాన్సర్ గురించి మాట్లాడితే చెవికెక్కదు. పైకి కనిపించని మచ్చలను చూపే యూవీ ఫోటోలో వాళ్ల ముఖమే చూపిస్తే కుర్చీ ముందుకు జరుపుకుంటారు.

రంగు కావాల్సిందే అని పట్టుబట్టేవారికి పూత లోషన్ చెబుతాను. అది పైనున్న మృతకణాల పొరకే రంగు వేస్తుంది, కొద్ది రోజుల్లో పోతుంది. ఎండను మాత్రం ఆపదు, కాబట్టి దానిపైన సన్‌స్క్రీన్ రాసుకోవాల్సిందే.